ఆరాయి, ఆరయ్యాయి

ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి అయిదు లెక్కపెట్టగలిగితే అది కడగడానికి చల్లారినట్టు, మూడు దగ్గరే చెయ్యి లాక్కుంటే ఇంకో పావుగంట ఆగాలి, ఇది షెడ్డులో చేరిన మొదటిరోజు ఎవరో చెప్పిన మాట, ఎవరు చెప్పారో అతను మరిచిపోయాడు గాని చెయ్యి మరిచిపోలేదు, ఇప్పుడూ దానంతటదే వెళ్లి ఇనుము మీద వాలింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, అక్కడ ఆగాల్సింది ఆరు దాకా పోయి ఆగాడు. వేడి లేదు. ఉదయం ఎనిమిదికి తెచ్చి నీడలో పెట్టిన బండి, చల్లారక ఏం చేస్తుంది. గోడ గడియారంలో ఒంటిగంట దాటి మూడు నిమిషాలు, మిగతావాళ్లంతా వీధి చివర హోటలుకు భోజనానికి పోయారు, ఓనరు కూడా ఇవాళ క్యారేజీ తెచ్చుకోలేదని వాళ్లతోనే పోయాడు, మళ్లీ రెండింటికి గాని రారు, రెండింటికే భార్య కూడా వస్తుంది, వచ్చి ఈ బండి తీసుకుని వేరే ఊరు వెళ్లిపోతుంది. ఈ గంటలో అతను రెండు పనులు చెయ్యాలి. ఇంజన్ కడిగి నూనె ఎక్కడినుంచి కారుతోందో పట్టుకోవాలి, దారి మధ్యలో ఆమె ఒక్కతీ నిలబడిపోకుండా. తర్వాత, ఆమె తాళాలు అందుకునేలోపల, ఎనిమిది నెలల కిందట తాను ఆడిన అబద్ధం అబద్ధమేనని ఆమె ముఖం మీద ఒప్పుకోవాలి. మొదటిది చేతనైన పని కాబట్టి ముందు దానికే చెయ్యి పెట్టాడు.

పది నంబరు స్పానరుతో బ్యాటరీ నల్లతీగ ఊడదీసి, మళ్లీ పోయి తగలకుండా పక్కకు వంచి గుడ్డ చుట్టాడు, ఎప్పుడూ నల్లది ముందు, ఎర్రదాని జోలికి పోకూడదు, పోతే నిప్పురవ్వలు లేస్తాయి. తోడల్లుడు ఫోను చేసింది సోమవారం. ఆయనది మెత్తటి మనిషి గొంతు, చెడ్డ కబురు చెప్పాలన్నా ముందు వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడతాడు, ఆ రోజూ ఎండల గురించి మాట్లాడి, దగ్గి, మరదలికి బస్సు డిపోలో ఉద్యోగం వచ్చిందని, బస్సులు కడిగే చోట పైన చూసుకునే పనట, ఊరు ఇక్కడికి ఒక పగటి ప్రయాణమని, బండి ఇస్తాడో ఇవ్వడో కనుక్కోమందని చెప్పాడు. ఇవ్వకపోవడమేమిటి, అది ఆమెదే కదా అన్నాడు అతను. సగం సగం అన్నయ్యా అని ఉండాల్సింది, కొన్నప్పుడు ఇద్దరి జీతాలూ పోసి కొన్నదే, కాని సగం అంటే మళ్లీ ఏ సగం ఎవరిదనే మాట వస్తుంది. ఇంజన్ సగం తనకు, సీట్లు ఆమెకు. నవ్వొచ్చింది, నవ్వాడు కూడా, ఖాళీ షెడ్డులో తన నవ్వు తనకే వింతగా వినబడితే ఆపేశాడు. ఇంకో మాట చెప్పనా తమ్ముడూ అన్నాడు తోడల్లుడు ఆఖర్న, అక్కడ ఆమెను ఎవరూ ఆ పేరుతో పిలవరు కదా, అందుకే ఆ ఉద్యోగానికి ఒప్పుకుంది. ఏ పేరు అని అతను అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎండలు నిజంగానే ఎక్కువగా ఉన్నాయి అన్నాడు.

పాత పాల కవర్లు, రబ్బరు బ్యాండ్లు, పెద్దవాటికి చెత్తసంచులు. నీళ్లు తగలకూడని చోట్లు ఆరు, ఏ బండికైనా దాదాపు ఇవే. ఒకటి, గాలి లాక్కునే గొట్టం మూతి. రెండు, ఫ్యూజుల పెట్టె. మూడు, బ్యాటరీ. నాలుగు, కంప్యూటర్ పెట్టె. అయిదు, ప్లగ్గుల పైన తీగలు. ఆరు, అడుగున ఉండే ఆల్టర్నేటర్, కరెంటు పుట్టించేది, దాన్ని చుట్టి కట్టాలంటే మోచెయ్యి దాకా చీకట్లో పెట్టి తడుముకోవాలి. అతను కట్టేవాడు, ఆమె విప్పేది. కట్టినవాడు విప్పకూడదు, అది వాళ్లిద్దరూ పెట్టుకున్న పద్ధతే, ఎందుకంటే కట్టినవాడికి తాను అన్నీ విప్పాననే నమ్మకం ముందుగానే ఉంటుంది, రెండో మనిషికి ఉండదు. ఒకటి అని అతనంటే ఒకటి అని ఆమె తిరిగి అనేది, అలా ఆరుదాకా, ఒకరు పిలిస్తే ఒకరు పలికినట్టు, కడిగి ఆరబెట్టాక ఆమె విప్పుతూ ఒక్కోటీ చెప్పి చివర్న ఆరయ్యాయి అనేది, ఆ మాట విన్నాకే అతను బానెట్ మూసేవాడు. పన్నెండేళ్లు. ఇంట్లో మీరు, ఏవండీ అని పిలిచే మనిషి షెడ్డులో మాత్రం నువ్వు అనేది, కంప్రెసర్ మోతలో అండీలకు చోటెక్కడుంది అనేది. ఇప్పుడు ఆ పద్ధతి లేదు, ఓనరు ఒక కాగితం అచ్చు వేయించాడు, ఆరు గళ్లు, కట్టినప్పుడు ఒక టిక్కు, విప్పినప్పుడు ఒక టిక్కు, అద్దం మీద అతికించుకుని ఎవడి పని వాడు చేసుకోవాలి, నోరు తెరవనక్కర్లేదు. మంచి పద్ధతే. కాగితం తిరిగి పలకదు, అంతే. అతను గాలి గొట్టానికి కవరు తొడిగి రబ్బరు బిగించి, ఒకటి, అన్నాడు. మూలనున్న కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. రెండు పైకి అనలేదు, మనసులోనే అనుకుంటూ మిగతావి కట్టేశాడు.

జిడ్డు వదిలించే ద్రవాన్ని వీళ్లు మందు అంటారు, దాంతో షెడ్డులో పాడని పాట లేదు, మందు కొట్టి పది నిమిషాలు కదలకుండా ఉండాలిరా, కదిలితే ఒలికిపోద్ది అని ఒకడు, నేను రాత్రి కొట్టాను ఇంకా కదల్లేదు అని ఇంకొకడు. అడుగునుంచి పైకి కొట్టుకుంటూ రావాలి, పైనుంచి కొడితే కిందికి కారి చారలు కడతాయి. కొట్టాడు. అటూ ఇటూ పాకిన నల్లటి పొర మెల్లగా గోధుమరంగుకు తిరిగి బుడగలు తేలింది. పది నిమిషాలు ఆగాలి, ఎండనివ్వకూడదు, ఆరితే మళ్లీ మొదటికొస్తుంది. ఆరితే. అతను తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. తెలుగు మాటల్లో ఇంత చిన్నది ఇంత చెడ్డది ఇంకోటి ఉండదు, ఆరు అంటే అంకె, ఆరు అంటే తడి ఆరడం, దీపం ఆరినా అదే, నోరు ఆరినా అదే. ఎనిమిది నెలల కిందట ఆ రోజు, ఒక లెక్కల టీచరు బండి కడిగితే ప్లగ్గుల గుంటల్లో నీళ్లు నిలిచాయి, ఆమె గాలిపైపుతో ఊదుతోంది, అయిదు కవర్లు విప్పి పక్కన పడేసింది, అడుగుది ఒకటి ఉంది. ఆ టీచరు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడింది, బడికి వేళవుతోందని రెండుసార్లు గడియారం చూసింది, ఓనరు అద్దాల గదిలోంచి ఇటు చూశాడు, ఇంకా ఎంతసేపు అని చూపుతోనే. అతను కేకేశాడు, అయిందా అని. ఆమె తల ఎత్తకుండానే, ఆరాయి, అంది. గుంటలు ఆరాయి. ఆ మాట అని గాలిపైపు కొక్కేనికి తగిలించి, అడుగు కవరు విప్పడానికి టార్చిలైటు తేవడానికి వెనక గదికి పోయింది. టార్చి తెచ్చేసరికి బానెట్ మూసి ఉండడం కాదు, అసలు బండే లేదు.

గేటుదాకా పరిగెత్తింది. ఆ పరుగు అతనికి ఇప్పటికీ కనబడుతుంది, రబ్బరు బూట్లతో, చేతిలో పగటిపూట వెలుగుతున్న టార్చితో. ఫోను చేశారు, ఒకటికి నాలుగుసార్లు, టీచరుగారు బండి నడిపేటప్పుడు ఫోనెత్తే మనిషి కాదు, మంచి అలవాటే ఆ రోజు అడ్డొచ్చింది. ఆల్టర్నేటర్ మీది కవరు బెల్టులో ఇరుక్కుని ఆ బెల్టు జారిపోయింది, స్టీరింగుకు బలమిచ్చేదీ ఆ బెల్టే, మలుపులో స్టీరింగు బిగుసుకుపోయింది, బండి పోయి గోడకు తగిలింది. బోర్డు మీద రాసే కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే అదే, రెండు నిమిషాలు, టార్చిలైటు తెచ్చేంత సేపు ఆగలేకపోయాడు. కబురొచ్చాక ఓనరు ఇద్దర్నీ గదిలోకి పిలిచి, మిగతావాళ్లు గుమ్మం దగ్గర మూగి, ఎవరు చెప్పారు అయిందని, అని అడిగాడు. అతని నోరు అతనికంటే ముందు కదిలింది. ఆరయ్యాయి అంది, అన్నాడు. నువ్వన్నావా అని ఓనరు ఆమె వైపు తిరిగాడు. ఆమె ఓనరును చూడలేదు. అతన్ని చూసింది, కోపంగా కాదు, తాళం వేసిన తలుపు దగ్గర నిలబడి తీస్తారని చూసే మనిషిలా చూసింది, చాలాసేపు చూసింది, అతను నేల చూశాడు. అప్పుడు, నేను ఆరాయి అన్నాను, అంది. గుమ్మం దగ్గర ఎవడో ఫక్కున నవ్వాడు. ఆరయ్యాయా, ఆరాయా. ఆ సాయంత్రానికే ఆమె ఆరాయమ్మ అయింది, వారానికి ఊళ్లో షెడ్లన్నిటికీ పాకింది, ఆరాయమ్మ చెయ్యి పడితే బండి ఆరిపోద్ది అని, ఆమె ఇక్కడ మానేసి నాలుగు చోట్ల అడిగితే నాలుగు చోట్లా ముసిముసి నవ్వులే తప్ప పని లేదు. పన్నెండేళ్లలో ఒక్క రబ్బరు బ్యాండు కూడా బండిలో వదలని మనిషి.

బుడగలు తగ్గుతున్నాయి. లేచి బ్రష్షు అందుకున్నాడు, మెత్తటిది పెద్ద భాగాలకు, పాత పళ్ల బ్రష్షు సందులకు, తీగలున్న చోట గుడ్డ మాత్రమే. రుద్దుతుంటే బోల్టుల తలలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఇంట్లో వాళ్లిద్దరూ ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుకునేవాళ్లు, రోజంతా కంప్రెసర్ మీద అరిచి అరిచి గొంతులకు చిన్నగా మాట్లాడడం పోయింది, ఉప్పు అందుకో అన్నా పక్కింటికి వినబడేది, కొత్తగా దిగినప్పుడు పక్కింటావిడ వీళ్లు రోజూ తన్నుకుంటారనుకుని ఒకసారి సర్దిచెప్పడానికి కూడా వచ్చింది, వచ్చి, వీళ్లు అంత గట్టిగా బీరువా ఏ గోడకు పెట్టాలో మాట్లాడుకుంటున్నారని తెలిసి సిగ్గుపడి పోయింది. మొన్న మెట్లమీద కనబడి, ఊళ్లో లేరా నాన్నా ఈ మధ్య, చప్పుడే లేదు, అంది. ఉన్నానండీ అన్నాడు. ఉన్నాడు, నిజమే. సాయంత్రం తలుపు తీస్తాడు, లైటు వేస్తాడు, వండుకుంటాడు, గిన్నె కడుగుతాడు, ఇంత పనిలో నోటితో అవసరం పడదు. ఒకరోజు ఉదయం షెడ్డుకొచ్చి ఎవరో పలకరిస్తే గొంతు పెగల్లేదు, అప్పుడు లెక్క చూసుకుంటే శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదని తేలింది. అది తెలిశాక ఆదివారాలు దుకాణానికి పోయి అక్కర్లేకపోయినా అగ్గిపెట్టె కొనేవాడు, ఒక అగ్గిపెట్టె ఇవ్వండి, చిల్లర ఉందా, రెండు మాటలు. వంటింటి గూట్లో పందొమ్మిది అగ్గిపెట్టెలు పోగయ్యాయి.

ఒంటరితనం శిక్షయితే బాగానే ఉండేది, శిక్ష పడితే తప్పు తీరుతుంది కదా. ఆమె ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు, రెండు నెలలు ఎత్తలేదు, పని దొరక్క ఇంట్లో కూర్చుని కిటికీల ఇనపచువ్వలు తోమేది, ఒక్కో చువ్వా, తోమడం తప్ప చేతులకు ఇంకోటి తెలియదు. ఒకరాత్రి భోజనాల దగ్గర, ఆ రోజు మీకేం వినబడింది, అని అడిగింది. మామూలుగానే అడిగింది. ఓనరు లేడు, నవ్వేవాళ్లు లేరు, టీచరు లేదు, నాలుగు గోడలు, రెండు కంచాలు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. ఆరయ్యాయి అనే వినబడింది అన్నాడు అతను, అని నీళ్లు తాగాడు. మొదటి అబద్ధం భయంతో ఆడింది, దానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది, రెండోది ఎందుకాడాడో ఇప్పటికీ తెలియదు, మొదటిదాన్ని కాపాడుకోవడానికి తప్ప. ఆమె తల ఊపి కంచంలో మిగిలింది తినేసి, చెయ్యి కడుక్కుని, రెండు కంచాలూ కడిగి బోర్లించింది. వారం తిరక్కుండా అక్క ఇంటికి వెళ్లింది. వెళ్తూ గొడవ పడలేదు. గొడవ పడితే అతనూ ఏదో ఒకటి అరిచేవాడు, అరుపుల్లో నిజం ఎక్కడో జారి కిందపడేది, ఆమె ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

నీళ్లు. గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి సన్నగా, పైనుంచి కిందికి, జోరు పెట్టకూడదు, జోరుగా కొడితే కవరు కట్టినా నీళ్లు దూరతాయి. నల్లటి నురగ చక్రాల పక్కనుంచి దిగి గచ్చుమీద పాయలై నూనెగుంట వైపు పోతోంది. విన్నాడు. సరిగ్గానే విన్నాడు. పన్నెండేళ్లు విన్న గొంతు, ఆరాయి అన్నప్పుడు రా సాగుతుంది, ఆరయ్యాయి అన్నప్పుడు నాలుక యకారం మీద ఒత్తి లేస్తుంది, నిద్రలో అన్నా తేడా పట్టగలడు, కంప్రెసర్ కాదు పిడుగు పడ్డా పట్టగలడు. ఆ రోజు ఆ మాట చెవిన పడగానే, ఆరాయట, ఆ ఒక్క కవరూ విప్పే ఉంటుందిలే అనుకున్నాడు. లే. ఆ లే అనే ఒక్క అక్షరం. వంగి చూస్తే అయిపోయేది, నడుం నొప్పి, గుమ్మంలో టీచరు, గదిలో ఓనరు చూపు, వంగలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు, కాని తొక్కినవాడు ఒకడు, ఎనిమిది నెలలుగా కాలు కడుక్కుంటున్నది ఇంకొకరు. అందులోనూ ఆసుపత్రికి పోయాడు చూడు, ఆ సంగతి తలుచుకుంటే చేతిలో గొట్టం పక్కకు పోతుంది, పోయింది, సర్దుకున్నాడు. ఓనరు పంపితే పళ్లు తీసుకుని పోయాడు. టీచరు కట్టు కట్టిన చెయ్యి దిండుమీద పెట్టుకుని, ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్నానండీ, ఒకటో తరగతి పిల్లలా వస్తోంది అని నవ్వి, మీ ఆవిణ్ణి ఏమీ అనకండి, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి, మీరు క్షమించేయండి, అంది. అతను ఏమన్నాడు. అలాగేనండి అన్నాడు. తేలు కుట్టిన దొంగకు కూడా కనీసం నొప్పుంటుంది, అతను ఆ మాట అని మెట్లు దిగుతూ తేలికపడ్డాడు, నిజంగా తేలికపడ్డాడు, దాన్ని ఏ మందుతో కడగాలి.

ఒంటిగంట నలభై. గాలిపైపు తీసి కంప్రెసర్ వేశాడు, సందుల్లో నీళ్లు ఊదాడు, మిగిలింది పొడిగుడ్డతో అద్దాడు. కవర్లు విప్పాడు. కట్టినవాడే విప్పుతున్నాడు, కాబట్టి ఒక్కోటీ విప్పి గచ్చుమీద వరసగా పరిచాడు, ఆరూ కళ్లకు కనబడేలా, అయినా నమ్మకం లేక అడుగుదాని కోసం పాకి చూశాడు, చీకట్లో వేళ్లతో ఆల్టర్నేటర్ చుట్టూ తడిమాడు, రెండుసార్లు. ఇదే ఆ రోజు చేసి ఉంటే అని మనసు మొదలుపెట్టబోతే దాన్ని అదిలించాడు. నల్లతీగ బిగించి, తాళం తిప్పి, ఇంజన్ను తిరగనిచ్చి టార్చిలైటుతో వెతుకుతూ నిలబడ్డాడు. ఏడాదిగా ఈ బండి ఎక్కడ పెడితే అక్కడ కింద ఒక నల్లమచ్చ, అందరూ అడుగు సీలు పోయిందన్నారు, అతనూ అదే అనుకుని ఒకసారి మార్చాడు కూడా, మచ్చ పోలేదు. శుభ్రమైన ఇనుము మీద కారుడు దాక్కోలేదు. నాలుగు నిమిషాలకు కనబడింది, పైన, అందరికీ ఎదురుగా, ఇంజన్ మూత అంచు కింద సన్నటి తడి మెరుపు, అక్కడ పుట్టి వెనకవైపు నుంచి జారి ఎక్కడో అడుగున చుక్కవుతోంది. చుక్క పడిన చోటునే తప్పుపట్టారు అందరూ, పుట్టిన చోటు ఎవరూ చూడలేదు. మూత బోల్టులు రెండు వదులయ్యాయి, బిగించాడు, తుడిచాడు, మళ్లీ చూశాడు, మళ్లీ మెరవలేదు. రబ్బరు పాతది, నాలుగైదు నెలలు ఆగుతుంది, తర్వాత మార్పించుకోమని చెప్పాలి. ఇంజన్ ఆపాడు. చెప్పాల్సినవాటిలో ఇది తేలికది అని నాలుకమీద ముందుగా దీన్నే పెట్టుకున్నాడు.

ఆమె రెండింటికి అయిదు నిమిషాలుండగా వచ్చింది, ఒక సంచి, ఒక చిన్న పెట్టె, జుట్టు కొంచెం కత్తిరించుకున్నట్టుంది. ఆమె వెనకే భోజనాల నుంచి వాళ్లూ వచ్చారు. పనివాళ్లు ముగ్గురు బల్లమీద చేరారు, ఆమెను చూసి ఒకడు మరొకడి చెవిలో ఏదో అంటే ఇద్దరూ ముఖాలు అటు తిప్పుకున్నారు, ఓనరు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ బాగున్నావామ్మా అని పలకరించి, జవాబు కోసం ఆగకుండా తువ్వాలు అందుకున్నాడు. ఆమె అతని దగ్గరకు కాదు, బానెట్ దగ్గరకు వచ్చింది. వంగి చూసింది, వేలితో ఒకచోట రాసి వేలు చూసుకుంది. అతను కారుడు ఎక్కడిదో చెప్పాడు, రబ్బరు సంగతి చెప్పాడు, వెయ్యి కిలోమీటర్లకోసారి నూనె చూసుకోమన్నాడు, ఆమె అన్నిటికీ తల ఊపింది, పనిలో ఎప్పుడూ ఊపేటట్టే. బానెట్ దించాడు. తాళాలు తీసి ఇచ్చాడు, ఆమె అందుకుంది, కాని అతని వేళ్లు ఇంకా వదల్లేదు. బల్లమీదివాళ్లకు వినబడకుండా, పెదవులు మాత్రమే కదిలేంత మెల్లగా అన్నాడు.

“ఆ రోజు నువ్వన్నది నాకు సరిగ్గానే వినబడింది.”

ఆమె ముఖం మారుతుందనుకున్నాడు. ఏడుస్తుందనో తిడుతుందనో, చెంపమీద ఒకటి వేసినా బాగుండేదని ఎన్నో ఆదివారాలు అనుకున్నాడు. ఏమీ మారలేదు.

“తెలుసు,” అంది. “మీరు నిజంగానే పొరపాటుగా విన్నారనుకుంటే నేను ఇంట్లోనే ఉండేదాన్ని.”

అతను తాళాలు వదిలేశాడు.

“నాకు చెప్పి ఏం లాభం,” అంది ఆమె, అంతే మెల్లగా. “నేను నవ్వలేదు కదా ఆ రోజు. నవ్వినవాళ్లు అక్కడున్నారు.”

సంచి, పెట్టె వెనక సీట్లో పడేసి, ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది, అద్దం కిందికి దించి ఉంది, ముందుకు చూస్తోంది. అతనికి ఒక్కసారిగా అర్థమైంది, ఎనిమిది నెలలుగా తాను మోసుకు తిరిగిన మాట సగమే, ఆ సగం కూడా ఆమె దగ్గర ముందే ఉందని. బండి నుంచి బల్లదాకా పదిహేను అడుగులుంటాయి. ఆ పదిహేను అడుగుల్లో ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఎక్కడ చేరతాననే మాట కూడా వచ్చింది, ఆమె నాలుగు షెడ్ల గుమ్మాలు తొక్కింది కదా, నాకూ కాళ్లున్నాయి అనే మాట దాని వెనకే వచ్చింది. ఓనరు తువ్వాలుతో వేళ్ల సందులు తుడుచుకుంటున్నాడు. అతను ఎదురుగా వెళ్లి నిలబడి నోరు తెరిస్తే, ఎన్నో నెలలుగా గది గోడల మధ్య వాడక మూలపడ్డ ఆ పాత కంప్రెసర్ గొంతు, కంప్రెసర్ ఆగి ఉన్న షెడ్డులో, గేటు దగ్గరికి కూడా వినబడేంత గట్టిగా వచ్చింది.

“ఓనరుగారూ, ఆ రోజు మా ఆవిడ ఆరాయి అంది. నేను ఆరాయి అనే విన్నాను. కవరు ఉందో లేదో చూడకుండా బానెట్ మూసింది నేను. ఆరయ్యాయి అందని మీ గదిలో అబద్ధం ఆడింది నేను.”

బల్లమీద ఒకడు సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఓనరు చేతిలో తువ్వాలు ఆగిపోయింది. అతను వెనక్కి తిరగలేదు. ఇంకా అయిపోలేదు. టీచరుగారి ఇంటికి ఇవాళే వెళ్తానని, ఆవిడకీ ఇదే చెబుతానని అన్నాడు, మిగతా షెడ్లకు కూడా తానే వెళ్లి చెబుతానన్నాడు, ముగ్గురి వైపూ తిరిగి, ఆ పేరుకు తగినవాణ్ణి నేనేరా, పిలిస్తే నన్ను పిలవండి, అన్నాడు, ఎవరూ నవ్వలేదు. అంత సేపూ వెనక నుంచి చప్పుడు లేదు. అతను ఆఖరి మాట అనేదాకా ఆమె తాళం తిప్పలేదు. అన్నాక తిప్పింది. బండి ఒక్క తిప్పుకే అందుకుని, గేటు దాటి, ఎడమకు తిరిగి వెళ్లిపోయింది.